ఇనుము లెక్క తేల్చిన ఎల్సీ విడోసన్

1930వ దశకం మధ్యలో లండన్ ఆసుపత్రుల్లో ఒక అరుదైన రక్తవ్యాధికి విచిత్రమైన చికిత్స జరుగుతుండేది. పాలిసైథీమియా అనే ఆ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు అవసరానికి మించి పెరిగి, రక్తం చిక్కబడి, రోగి ప్రాణానికే ముప్పు ఏర్పడేది. అదనపు కణాలను నాశనం చేసేందుకు వైద్యులు ఫినైల్ హైడ్రజీన్ అనే మందు ఇచ్చేవారు. కణాలు పగిలినప్పుడు వాటిలోని ఇనుము పెద్ద మొత్తంలో విడుదలవుతుంది. శరీరం తనకు అక్కరలేని ఇనుమును పేగుల ద్వారా బయటికి నెట్టివేస్తుందని అప్పటి వైద్యశాస్త్రం నమ్మింది. ఆ నమ్మకమే నిజమైతే ఈ రోగుల మలంలో ఇనుము ఒక్కసారిగా పెరగాలి. ఇద్దరు పరిశోధకులు రోజుల తరబడి రోగుల మలమూత్రాలను సేకరించి, రసాయన పరీక్షతో ఇనుమును కొలిచారు. పెరగవలసిన ఇనుము పెరగలేదు. విడుదలైన ఇనుమంతా శరీరంలోనే ఉండిపోయింది.

ఆ ఇద్దరిలో ఒకరు వైద్యుడు రాబర్ట్ మెక్‌కాన్స్. మరొకరు ముప్పై ఏళ్లయినా నిండని రసాయన శాస్త్రవేత్త ఎల్సీ విడోసన్. ఒకసారి లోపలికి వెళ్లిన ఇనుమును మానవ శరీరం తన ఇష్టానుసారం విసర్జించలేదని, ఎంత ఇనుము ఉండాలన్న నిర్ణయం పేగు గోడ వద్ద, అంటే లోపలికి రానిచ్చే దశలోనే జరుగుతుందని 1937లో వారు లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. శిశువుకు ఎంత ఇనుము కావాలి, కిశోర బాలికకు ఎంత, గర్భిణికి ఎంత అని నేడు దేశదేశాల పోషకాహార సంస్థలు వేసే లెక్కలకు పునాది ఈ పరిశీలనే.

ఎల్సీ మే విడోసన్ 1906 అక్టోబరు 21న ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో, వాలింగ్టన్‌లో జన్మించారు. తండ్రి కిరాణా దుకాణంలో సహాయకుడిగా పనిచేసేవారు, తల్లి దుస్తులు కుట్టేవారు. ఇద్దరు కుమార్తెలూ శాస్త్రవేత్తలే కావడం ఆ సామాన్య కుటుంబపు విశేషం. చెల్లెలు ఈవా క్రేన్ అణు భౌతికశాస్త్రంలో శిక్షణ పొంది, తరువాత తేనెటీగల అధ్యయనానికి అంకితమై ప్రపంచఖ్యాతి గడించారు. ఎల్సీ లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో రసాయనశాస్త్రం చదివారు. అప్పట్లో అక్కడ ఆ శాస్త్రం చదివే మహిళలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పట్టా చేతికి వచ్చాక ఆమె మొదట చేసిన పని ఆపిల్ పండ్ల పరిశోధన. చెట్టున ఉన్న కాయలోనూ, కోసి నిలవ ఉంచిన పండులోనూ చక్కెరలు ఎలా మారుతాయో నిర్ధారించే పద్ధతులను ఆమె రూపొందించారు. 1931లో డాక్టరేట్ లభించింది. అయితే మొక్కలకన్నా మనుషులూ జంతువులూ ఆమెను ఎక్కువగా ఆకర్షించారు. మహిళా శాస్త్రవేత్తలకు ఉద్యోగం దొరకడమే గగనమైన ఆ రోజుల్లో, జీవరసాయనవేత్త చార్లెస్ డాడ్స్ సలహాపై ఆమె ఆహారశాస్త్రంలో డిప్లొమాకు సిద్ధమయ్యారు. ఆ శిక్షణలో భాగంగానే 1933లో కింగ్స్ కాలేజీ ఆసుపత్రి వంటశాలలో అడుగుపెట్టారు.

మెక్‌కాన్స్ పరిచయమైంది ఆ వంటశాలలోనే. వండినప్పుడు ఆహారంలోని ఏయే పదార్థాలు ఎంత మేరకు పోతాయో తెలుసుకునేందుకు ఆయన మాంసం ముక్కలను వంటగదికి తెచ్చి ఉడికించి చూస్తుండేవారు. పండ్లలోని చక్కెరలపై ఆయన ప్రచురించిన అంకెలను ఎల్సీ పరిశీలించి, అవి తప్పని గుర్తించారు. ఆమ్లంతో విశ్లేషించే క్రమంలో ఫ్రక్టోజ్ కొంత నశిస్తుందని, అందువల్ల అంకెలు తక్కువగా వచ్చాయని ఆపిల్ పరిశోధన అనుభవంతో ఆమె చెప్పగలిగారు. పేరున్న వైద్యుడికి ఒక విద్యార్థిని తప్పు చూపడం మామూలు విషయం కాదు. దానిని మెక్‌కాన్స్ స్వీకరించిన తీరూ మామూలుది కాదు. ఆయన నొచ్చుకోకుండా, ఆమెకు పరిశోధన నిధులు సంపాదించి తన పక్కన చేర్చుకున్నారు. 1993లో ఆయన మరణించే వరకు, అరవై ఏళ్లపాటు ఆ సహకారం సాగింది.

వారు ముందుగా చేపట్టినది ఆహార పట్టికల తయారీ. బ్రిటన్‌లో అప్పటికి వాడుకలో ఉన్నవి అమెరికా పట్టికలు, అవి కూడా ఎక్కువగా వండని పదార్థాలవి. మనుషులు తినేది వండిన ఆహారం కనుక వండిన తరువాతి విలువలు కావాలని ఎల్సీ పట్టుబట్టారు. ఏళ్ల తరబడి సాగిన విశ్లేషణ 1940లో పుస్తకంగా వచ్చింది. ఇద్దరి పేర్లతోనే పిలవబడే ఆ పట్టికలు అనేక ముద్రణలు పొంది నేటికీ వాడుకలో ఉన్నాయి. పాలకూరలో ఎంత ఇనుము, పప్పులో ఎంత అని చెప్పే ప్రతి దేశపు పట్టిక వెనుకా ఇటువంటి ఓపికే ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికల్లో 528 ఆహార పదార్థాల విలువలున్నాయి.

పళ్లెంలో ఎంత ఉందో తెలిస్తే చాలునా? ఒంటికి ఎంత పడుతుందన్నది వేరే ప్రశ్న. ఇనుము విషయంలో ఈ రెండింటి మధ్య తేడా ఎంత పెద్దదో చూపడమే ఎల్సీ విడోసన్ జీవితకృషిలో కీలకమైన భాగం.

పాలిసైథీమియా రోగుల్లో కనిపించినది ఆరోగ్యవంతుల్లోనూ నిజమేనా అన్న సందేహం సహజంగా తలెత్తింది. దాన్ని తీర్చుకోవడానికి వారు ఎంచుకున్న ప్రయోగశాల తమ శరీరాలే. నోటి ద్వారా తీసుకున్నప్పుడు ఇనుము ఎంత మేరకు ఒంటికి పడుతుందో చూశారు. ఆపై పేగును దాటవేసి నేరుగా రక్తనాళంలోకి ఎక్కించినప్పుడు ఏమవుతుందో చూశారు. తిన్న ప్రతి పదార్థాన్నీ తూచారు, బయటికి వచ్చిన ప్రతిదాన్నీ భద్రపరిచి విశ్లేషించారు. నరంలోకి ఎక్కించిన ఇనుము తిరిగి బయటికి రాలేదు. ఈ ఫలితాలు 1938లో వెలువడ్డాయి. తమ శరీరాలపై తామే ప్రయోగం చేయడం వారికి వ్రతంలాంటిది. దానికి ఒకసారి మూల్యం కూడా చెల్లించారు. స్ట్రాన్షియం లవణం విసర్జన తెలుసుకునేందుకు ఇంజెక్షన్లు తీసుకుంటున్న రోజుల్లో ద్రావణం కలుషితమై, ఇద్దరూ తీవ్రమైన జ్వరంతో, ఒళ్లు నొప్పులతో పడిపోయారు. కోలుకోగానే తిరిగి పనిలో దిగారు. ఇప్పటి నైతిక నియమాల కింద అటువంటి ప్రయోగాలకు అనుమతి దొరకదు, దొరకకూడదు కూడా.

ఈ ఆవిష్కరణ అర్థం కావాలంటే శరీరంలోని ఇనుము చిట్టాను ఒకసారి చూడాలి. ఆరోగ్యవంతుడైన వయోజనుడి ఒంట్లో ఉండే ఇనుము మొత్తం 3 నుంచి 4 గ్రాములు, అంటే ఒక చిన్న మేకంత. అందులో సుమారు మూడింట రెండు వంతులు రక్తంలోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఎర్ర కణం ఆయుర్దాయం దాదాపు 120 రోజులు. అది చనిపోయినప్పుడు అందులోని ఇనుమును శరీరం వృథా పోనీయదు, కొత్త కణాల తయారీకి మళ్లిస్తుంది. ఇలా రోజూ 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము లోలోపలే తిరుగుతుంటుంది. రాలిపోయే చర్మకణాలు, పేగు లోపలి పొర కణాలు, చెమట వంటి వాటితో బయటికి పోయేది ఒక మిల్లీగ్రాము మాత్రమే. ఆ ఒక్క మిల్లీగ్రామును భర్తీ చేసుకుంటే పురుషుడి చిట్టా సరిపోతుంది. స్త్రీకి దానిపై నెలసరి రక్తస్రావం తోడవుతుంది. పిల్లలకు పెరుగుదల తోడవుతుంది. గర్భిణికి మరొక ప్రాణం తోడవుతుంది. ఖర్చు వైపు మీట లేదు కనుక లెక్కంతా ఈ అదనపు పద్దుల మీదే నడుస్తుంది. వయసును బట్టి ఇనుము అవసరం మారడానికి కారణం ఇదే.

1938లో మెక్‌కాన్స్‌తో పాటు ఎల్సీ కేంబ్రిడ్జ్‌కు మారారు. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. ఓడల రాకపోకలు దెబ్బతింటే బ్రిటన్ ప్రజలు దేశంలో పండే ఆహారంతోనే బతకగలరా అన్నది ప్రభుత్వం ముందున్న ప్రశ్న. ఎల్సీ, మెక్‌కాన్స్, వారి సహచరులు రొట్టె, క్యాబేజీ, బంగాళాదుంపలే ప్రధానంగా నెలల తరబడి తిన్నారు. ఒంట్లో సత్తువ నిలిచిందో లేదో పరీక్షించుకునేందుకు చలికాలంలో లేక్ డిస్ట్రిక్ట్ కొండలకు వెళ్లి నడిచారు, ఎక్కారు, సైకిళ్లు తొక్కారు. సత్తువ తగ్గలేదు. తగ్గిందల్లా కాల్షియం. తవుడు తీయని గోధుమపిండిలోని ఫైటిక్ ఆమ్లం దాన్ని పట్టి ఉంచి, ఒంటికి పట్టకుండా చేస్తున్నదని తేలింది. ఆ పరిశోధన ఆధారంగానే యుద్ధకాలపు రొట్టెపిండిలో సుద్దరూపంలో కాల్షియం కలిపారు.

అదే ప్రశ్నను ఇనుముకూ వర్తింపజేసినప్పుడు వచ్చిన సమాధానం భారతీయ పాఠకులకు మరింత ముఖ్యమైనది. ముడి గోధుమ రొట్టెలో తెల్ల రొట్టెకన్నా ఇనుము ఎక్కువ. అయినా ముడి రొట్టె తిన్నవారి ఒంటికి పట్టినది తక్కువ. 1942, 1943 సంవత్సరాల్లో లాన్సెట్‌లో వచ్చిన పత్రాల్లో ఎల్సీ, ఆమె సహచరులు ఈ వైరుద్ధ్యాన్ని అంకెలతో నిరూపించి, దానికి ఫైటిక్ ఆమ్లమే ప్రధాన కారణమని చూపారు. గోధుమ, జొన్న, సజ్జ, రాగి, పప్పుధాన్యాలు అన్నింటిలోనూ ఆ పదార్థం ఉంది. అంతమాత్రాన ముడి ధాన్యాలు చెడ్డవని కాదు. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా ఫైటిక్ ఆమ్లం కొంత విరుగుతుంది. ఇడ్లీ, దోసె పిండిని రాత్రంతా పులియనిచ్చే అలవాటు రుచి కోసమే వచ్చి ఉండవచ్చు కానీ దాని ప్రయోజనం రుచితో ఆగదు. నిమ్మ, ఉసిరి, జామ వంటి వాటిలోని సి విటమిన్ శాకాహారంలోని ఇనుమును పేగు గోడ దాటించడంలో తోడ్పడుతుంది. భోజనంతో పాటు తాగే టీ దానికి అడ్డుపడుతుంది. ఒకే కూర, ఒకే అన్నం తిన్న ఇద్దరిలో భోజనం చివర నిమ్మరసం తాగినవారికీ, టీ తాగినవారికీ అందే ఇనుము ఒకటి కాదు.

యుద్ధం ముగిశాక, 1946 నుంచి 1949 వరకు ఎల్సీ జర్మనీలోని వుప్పర్టాల్ కేంద్రంగా ఆకలి ప్రభావాలను అధ్యయనం చేశారు. డ్యూయిస్‌బర్గ్ అనాథాశ్రమాల్లోని పిల్లలకు వేర్వేరు రకాల పిండితో చేసిన రొట్టెలు పెట్టి చూస్తే, అన్ని బృందాల పిల్లలూ బాగానే పెరిగారు. ముడి రొట్టె, తెల్ల రొట్టె వాదోపవాదాల్లో మునిగిన పండితులకు ఈ ఫలితం మింగుడు పడలేదు. ఇనుముతో సంబంధం లేకపోయినా అక్కడి మరో సంఘటనను చెప్పకుండా దాటడం కష్టం. రెండు ఆశ్రమాల్లో ఒకదాని పిల్లలకు కొన్నాళ్లు అదనపు ఆహారం అందింది. ఆశ్చర్యంగా వారే తక్కువ బరువు పెరిగారు. ఆరా తీస్తే, సరిగ్గా ఆ సమయంలోనే ఆ ఆశ్రమానికి ఒక కఠినురాలైన పర్యవేక్షకురాలు బదిలీపై వచ్చిందని, భోజన సమయంలోనే పిల్లలను అందరి ముందూ మందలించేదని తెలిసింది. ఆమెకు ఇష్టులైన కొద్దిమంది పిల్లలు మాత్రం చక్కగా పెరిగారు. బిడ్డ ఎదుగుదల తిండి లెక్కలతోనే తేలదని చూపుతూ ఎల్సీ 1951లో ప్రచురించిన ఆ పత్రాన్ని శిశువైద్యులు ఇప్పటికీ తలచుకుంటారు.

ఆ 1951లోనే ఆమె పరిశోధన మరింత సున్నితమైన చోటికి చేరింది. మృతశిశువులు, ప్రసవానికి ముందే మరణించిన గర్భస్థ పిండాల శరీరాలను విశ్లేషించి, తల్లి గర్భంలో ఏ నెలలో ఏ ఖనిజం ఎంత చేరుతుందో ఆమె, సహచరులు లెక్కగట్టారు. వయోజనుల శరీరాలనూ అదే విధంగా విశ్లేషించారు. మనసును కలచివేసే పని అది. అయితే దాని నుంచి వచ్చిన జ్ఞానం లేకుండా నెలలు నిండని శిశువుల పోషణను ఊహించలేము. గర్భంలోని చివరి మూడు నెలల్లోనే బిడ్డ ఒంట్లో ఇనుము వేగంగా పేరుకుంటుంది. నెలలు నిండి పుట్టిన శిశువు ప్రతి కిలో బరువుకు సుమారు 75 మిల్లీగ్రాముల ఇనుమును వెంట తెచ్చుకుంటుంది. తల్లిపాలలో ఇనుము అత్యల్పం. ఉన్న ఆ కొద్దిపాటి బాగా ఒంటబట్టినా, బిడ్డ ప్రధానంగా బతికేది గర్భంలో మూటగట్టుకున్న ఆ నిల్వ మీదే. అది నాలుగు నుంచి ఆరు నెలలకు తరిగిపోతుంది. ఆరో నెలలో అన్నప్రాశన చేసే సంప్రదాయానికీ ఈ లెక్కకూ ఎవరూ ముందుగా పొంతన కుదర్చలేదు, అయినా రెండూ ఒకచోటే కలిశాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ మూట దొరకదు కనుక ముందుగానే విడిగా ఇనుము ఇవ్వవలసి వస్తుంది. పుట్టిన వెంటనే బొడ్డుతాడు కోయకుండా కనీసం ఒక నిమిషం ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించడంలోనూ ఉద్దేశం ఇదే. మాయలోని రక్తం బిడ్డకు చేరితే ఇనుము కూడా చేరుతుంది.

ఎల్సీ చేసిన మరో పని ఈ అంకెలకు మరొక కోణం చేర్చింది. 1930వ దశకంలో ఆమె 63 మంది పురుషులు, 63 మంది స్త్రీలు తినే ప్రతి ముద్దనూ తూయించారు. ఆ తరువాత వెయ్యికి పైగా పిల్లల ఆహారాన్ని అదే విధంగా కొలిచి 1947లో ప్రచురించారు. అప్పటి వరకు కుటుంబమంతటి ఆహారాన్ని కలిపి కొలిచి తలసరి లెక్కగట్టేవారు. ఒక్కొక్కరిని విడిగా చూసినప్పుడు తేలిందేమిటంటే, ఒకే వయసున్న ఆరోగ్యవంతులైన ఇద్దరు పిల్లల్లో ఒకరు మరొకరికి రెట్టింపు తినవచ్చు, ఇద్దరూ చక్కగా ఎదగవచ్చు. సగటు మనిషి అంటూ ఎవరూ లేరన్నమాట. రోజుకు ఇంత తినాలని సంస్థలు సిఫారసు చేసే పరిమాణం సగటు అవసరంకన్నా పైన ఉండటానికి కారణం ఈ వైవిధ్యమే. అత్యధిక అవసరం ఉన్నవారినీ దాదాపు అందరినీ కవర్ చేసేలా ఆ అంకెను నిర్ణయిస్తారు.

భారతదేశంలో ఆ నిర్ణయం హైదరాబాద్‌లో జరుగుతుంది. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి తరఫున 2020లో సవరించిన సిఫారసులను వెలువరించింది. వాటి ప్రకారం ఆరు నుంచి పన్నెండు నెలల శిశువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు, ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు 8, నాలుగు నుంచి ఆరేళ్ల వారికి 11, ఏడు నుంచి తొమ్మిదేళ్ల వారికి 15 మిల్లీగ్రాముల ఇనుము ఆహారంలో ఉండాలి. పదేళ్లు నిండగానే బాలబాలికల దారులు వేరవుతాయి. పది నుంచి పన్నెండేళ్ల బాలుడికి 16 సరిపోగా బాలికకు 28 కావాలి. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య అబ్బాయికి 26, అమ్మాయికి 32 మిల్లీగ్రాములు. మొత్తం జీవితంలో అతి పెద్ద అంకె ఇదే, అంటే ఇంటర్మీడియట్ చదివే అమ్మాయిది. ఉదయం ఏమీ తినకుండా కాలేజీకి పరుగెత్తే వయసు కూడా అదే. వయోజనుల్లో పురుషుడికి 19, స్త్రీకి 29. నెలసరి ఆగిపోయాక స్త్రీ అవసరం కూడా పురుషుడి స్థాయికి దిగుతుంది.

ఇక్కడ పాఠకుడిని తికమకపెట్టే అంకె ఒకటుంది. అదే సిఫారసుల్లో గర్భిణికి 27, పాలిచ్చే తల్లికి 23 మిల్లీగ్రాములని ఉంది. గర్భం లేని స్త్రీకన్నా గర్భిణికి తక్కువ చాలుతుందా? ఎల్సీ చూపిన పద్ధతిలో ఆలోచిస్తే చిక్కుముడి విడిపోతుంది. గర్భం మొత్తం మీద స్త్రీకి సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. బిడ్డకూ మాయకూ దాదాపు 300, పెరిగే తల్లి రక్తానికి దాదాపు 500, మిగిలినది రోజువారీ నష్టానికి. అవసరం ఎంతో పెరిగిన మాట నిజం. అయితే నెలసరి ఆగిపోతుంది, పేగు గోడ తలుపు మరింత వెడల్పుగా తెరుచుకుంటుంది. మామూలు స్త్రీ తిన్న ఇనుములో సుమారు 8 శాతం ఒంటికి పడుతుందని లెక్కిస్తే, గర్భిణి విషయంలో ఆ శాతాన్ని 12గా తీసుకుంటారు. అందుకే పళ్లెంలో ఉండవలసిన అంకె తగ్గినా, రక్తంలోకి చేరే ఇనుము పెరుగుతుంది.

అయితే ఈ అంకెను చూసి మాత్రలు అక్కరలేదనుకోవడం ప్రమాదం. నిల్వలు నిండుగా ఉన్న స్త్రీ గర్భం ధరించినప్పటి లెక్క అది. దేశంలో పరిస్థితి అలా లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం, గర్భిణుల్లో 52.2 శాతం, అయిదేళ్లలోపు చిన్నారుల్లో 67.1 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. అదే వయసు పురుషుల్లో ఇది 25 శాతం. రక్తహీనతకు ఇనుము లోపం ఒక్కటే కారణం కాదు. ఫోలిక్ ఆమ్లం, బి12 లోపాలు, అంటురోగాలు, కొంకిపురుగులు, వంశపారంపర్య రక్తవ్యాధులు కూడా ఉంటాయి. అయినా స్త్రీపురుషుల మధ్య ఇంత అగాధం ఎందుకన్న ప్రశ్నకు సమాధానంలో ఇనుముదే పెద్ద వాటా. ఖాళీ ఖజానాతో గర్భంలోకి అడుగుపెట్టిన స్త్రీ ఆ లోటును తిండితో మాత్రమే పూడ్చుకోలేదు. అందుకే ప్రభుత్వ కార్యక్రమంలో గర్భిణికి 180 రోజులపాటు రోజూ 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్ర ఇస్తారు. ప్రసవం తరువాత మరో 180 రోజులు కొనసాగిస్తారు. కిశోర బాలబాలికలకు వారానికొక మాత్ర అందుతుంది. మాత్ర వేసుకుంటే వికారంగా ఉందని, మలం నల్లబడుతున్నదని మధ్యలో మానేసేవారు చాలామంది. మలం నల్లబడటం పేగు లోపలికి రానివ్వని ఇనుము అలాగే బయటికి పోతున్నదనడానికి గుర్తే తప్ప జబ్బు కాదు.

విసర్జన మార్గం లేదన్న ఎల్సీ ఆవిష్కరణకు మరో ముఖం ఉంది, అది కఠోరమైనది. తలసీమియాతో పుట్టిన పిల్లలు రక్తమార్పిడి మీద ఆధారపడి జీవిస్తారు. ఎక్కించే ఒక్కో యూనిట్ రక్తంతో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి చేరుతుంది. పేగు ద్వారం గుండా కాక నేరుగా రక్తనాళంలోకి వచ్చిన ఆ ఇనుమును శరీరం బయటికి పంపలేదు. అది గుండెలో, కాలేయంలో, హార్మోన్ గ్రంథుల్లో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది. ఇనుమును పట్టి బయటికి లాగే మందులు జీవితాంతం వాడవలసి రావడానికి కారణం ఇదే. 1930వ దశకంలో ఎల్సీ తన నరంలోకి ఎక్కించుకున్న ఇనుము, ఈ పిల్లల నరాల్లోకి వెళ్లే ఇనుము ఒకే నియమాన్ని పాటిస్తాయి. పరీక్ష చేయించుకోకుండా బలం కోసమని ఇనుము మాత్రలను ఏళ్ల తరబడి మింగేవారికీ, ఆ మాత్రలను చిన్నపిల్లల చేతికందేలా ఉంచేవారికీ ఇదే హెచ్చరిక.

1960వ దశకం చివర కేంబ్రిడ్జ్‌లోని డన్ పోషకాహార ప్రయోగశాలలో శిశు పోషణ విభాగానికి ఎల్సీ నాయకత్వం వహించారు. తల్లిపాలకు బదులుగా ఇచ్చే డబ్బాపాల కూర్పును ఆమె నిశితంగా పరిశీలించారు. మొక్కజొన్న నూనె కలిపిన డబ్బాపాలు తాగిన డచ్ శిశువుల ఒంటి కొవ్వు బ్రిటిష్ శిశువులదానికన్నా పూర్తిగా భిన్నంగా ఉందని 1975లో చూపారు. ఉద్యోగ విరమణ తరువాత కూడా ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రిలో 1988 వరకు పరిశోధన సాగించారు. 1976లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1993లో కంపానియన్ ఆఫ్ ఆనర్ గౌరవం లభించాయి. డాక్టరేట్ పొందిన నలభై అయిదేళ్లకు రాయల్ సొసైటీ తలుపు తెరిచిందంటే, ఆ సంస్థ ఆలస్యం గురించి వేరే వ్యాఖ్య అక్కరలేదు.

కేంబ్రిడ్జ్ సమీపంలోని బారింగ్టన్ గ్రామంలో, గడ్డికప్పు ఉన్న ఒక పాతకాలపు ఇంట్లో ఆమె నిరాడంబరంగా జీవించారు. పెళ్లి చేసుకోలేదు. గుడ్లు, వెన్న, రొట్టె, పండ్లు, కూరగాయలు ఏవీ మానకుండా మితంగా తినేవారు. దీర్ఘాయువుకు తన తిండే కారణమని మాత్రం ఆమె చెప్పుకోలేదు, ఎందుకంటే తల్లి 107 ఏళ్లు బతికారు. 2000 జూన్ 14న, 93 ఏళ్ల వయసులో ఎల్సీ విడోసన్ మరణించారు.

పేగు గోడ వద్ద ఇనుమును ఆపేదీ, వదిలేదీ ఎవరన్నది ఆమె జీవితకాలంలో తేలలేదు. ఇనుమును కణం నుంచి రక్తంలోకి దాటించే ఫెర్రోపోర్టిన్ అనే ప్రొటీన్‌ను శాస్త్రవేత్తలు గుర్తించినది ఆమె మరణించిన ఆ 2000 సంవత్సరంలోనే. నిల్వలు నిండితే ఆ ద్వారాన్ని మూయమని కాలేయం నుంచి ఆజ్ఞ మోసుకువచ్చే హెప్సిడిన్ అనే హార్మోన్ కూడా ఆ ఏడాదీ, ఆ మరుసటి ఏడాదీ వెలుగుచూసింది.